వగరు మనది, వైన్ వాళ్లది

లంద మాటలు – 11



జనగామ బస్టాండ్ కాడ, మానుకోట స్టేషన్ బయట, భూపాలపల్లి మెయిన్ రోడ్డు మీద నిలబడి చూడండి. మూడు చోట్లా కంటికి తగిలే బోర్డు ఒకటే: ‘వైన్స్’. లోపలికి పోయి "వైన్ ఉందా" అని అడగండి. కౌంటర్ల ఉన్న పిలగాడు మిమ్మల్ని ఎగాదిగా చూస్తడు. విస్కీ ఉంటది, బ్రాందీ ఉంటది, బీరు ఉంటది. ద్రాక్షతో చేసిన రెడ్ వైన్ ఉంటే గింటే ఏ మూలనో దుమ్ము పట్టిన రెండు సీసాలు ఉంటయి. ఊరూరా పలికే మాట అది. ఆ మాటకు అర్థమైన వస్తువును నాలుక మీద వేసుకున్నోళ్లు మన వాడల్లో ఎంతమంది?

ఈ వారం ఆ అసలు వైన్ గురించే రాస్తున్న. ‘ఇన్ని సమస్యలుండంగ ఫారిన్ మందు ముచ్చట ఎందుకన్నా’ అని అడిగేటోళ్లు ఉంటరు. రుచి గురించి మాట్లాడే హక్కు ఎవరిదన్నది కూడ మన సమస్యే. చివరిదాకా చదివి తిట్టండి.

రెడ్ వైన్ అంటే నల్లద్రాక్షను తొక్కతో, గింజతో సహా పులియబెట్టి తీసేది. రంగు తొక్కలకెళ్లి వస్తది. నోట్లో పడంగనే నాలుకను, చిగుళ్లను పట్టి గుంజే వగరు కూడ ఆ తొక్క, గింజలకెళ్లే వస్తది. ఫ్రాన్స్‌లో బోర్డో అనే ప్రాంతం దీనికి పేరు మోసింది. అక్కడ మంచి వైన్‌ను 225 లీటర్ల ఓక్ చెక్క పీపాల్లో ఏడాదిన్నర, రెండేండ్లు ఉంచి, తర్వాత సీసాల్లో నింపుతరు. ద్రాక్ష ఏ ఏడు కోసిండ్రో ఆ ఏడును సీసా మీద రాస్తరు. దాన్నే వింటేజ్ అంటరు. ఎండ, వాన సరిగ్గ కుదిరిన ఏడుకు పేరొస్తది, రేటొస్తది. బోర్డోలో 1961, 1982 అట్లాంటి ఏండ్లు. 1982 పంట గొప్పదని మొదట్లోనే గట్టిగ చెప్పినందుకు రాబర్ట్ పార్కర్ అనే అమెరికా విమర్శకుడు లోకమంతా పేరు సంపాదించిండు.

అట్లాంటి సీసాను కొన్న రోజే తాగరు. నేలమాళిగలో, 12–13 డిగ్రీల చల్లదనంలో, వెలుతురు పడకుండ, గాలిలో తేమ తగ్గకుండ దాస్తరు. బిరడా ఎండిపోవద్దని సీసాను పండబెడ్తరు. పదేండ్లు, ఇరవై ఏండ్లు, ముప్పై ఏండ్లు. ఆ కాలంలో వగరు మెత్తబడ్తది. అడుగున మడ్డి పేరుకుంటది. ముదురు ఎరుపు ఇటుక రంగుకు తిరుగుతది. పండ్ల వాసన వెనక్కి పోయి ఎండుటాకు, పొగాకు, తడిసిన మన్ను, తోలు వాసనలు పైకొస్తయట. తాగే ముందు మడ్డి కదలకుండ వేరే గాజు పాత్రలోకి వంచుతరు. గ్లాసును తిప్పుతరు, ముక్కుతో పీలుస్తరు, ఒక్క గుక్కను నోరంతా తిప్పి అప్పుడు రుచి చెప్తరు.

ఆ వాసనల్లో చివరిది చూసిండ్రా? తోలు.

హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదివే మానుకోట తమ్ముడు ఒకడు ఆ మధ్య ఫోన్ చేసిండు. ట్రైనింగ్‌లో వైన్ వాసనలు గుర్తుపట్టే పాఠం జరుగుతున్నదట. "అన్నా, గ్లాసులకెళ్లి తోలు వాసన వస్తుందంటే అది పాతబడ్డ మంచి వైన్ అని గెస్ట్‌కు గర్వంగ చెప్పాల్నట. మా తాత చేతులకు జిందగీ అంతా అదే వాసన. ఆ వాసన ఉందనే కదా ఊరి బాయి కాడికి రానియ్యలే" అన్నడు. నాకు జవాబు దొరకలే. తర్వాత చదువుతుంటే దొరికింది ఏందంటే, గ్లాసుకూ తాతకూ ఉన్నది వాసన చుట్టరికం ఒక్కటే కాదు. రసాయనం కూడ ఒకటే.

వైన్‌కు వగరు ఇచ్చే పదార్థాన్ని టానిన్ అంటరు. యూరప్‌లో ఓక్ చెట్టు బెరడుతో తోలు పదును చేసేటోళ్లు. ఆ పని పేరులకెళ్లే ఈ మాట పుట్టింది. బెరడులో ఉన్న టానిన్ పోయి పచ్చితోలులోని మాంసకృత్తులను పట్టుకుంటది. తోలు కుళ్లకుండ ఏండ్లు నిలుస్తది. వైన్ నోట్లో పోసుకుంటే అదే టానిన్ మన ఉమ్మిలోని మాంసకృత్తులను పట్టుకుంటది. అందుకే నోరు ఆరుకపోయినట్టు అయితది. వైన్ ముప్పై ఏండ్లు పాడు కాకుండ నిలబడటానికి ఆసరా ఇచ్చే వాటిల్లో అదొకటి.

ఇప్పుడు మన మాదిగవాడల వెనక ఉన్న లందలను యాదికి తెచ్చుకోండి. పచ్చితోలును సున్నం నీళ్లలో నానబెట్టి వెంట్రుక తీసేటోళ్లు. తంగేడు చెక్క, కరక్కాయ దంచి కలిపిన నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టేటోళ్లు. ఎన్ని రోజులు, ఎంత చెక్క, ఎప్పుడు తిప్పెయ్యాలె, ఎప్పుడు తియ్యాలె అనేది చేతితోటి, ముక్కుతోటి తెలుసుకునేటోళ్లు. తంగేడు చెక్కలో, కరక్కాయలో ఉన్నది టానినే. ఆ తోలుతోనే చెప్పులు, డప్పు, మోట బొక్కెన. ఆ మోట తోడిన నీళ్లతోనే ఊరి దొరల వరి పండింది. తంగేడు పువ్వు బతుకమ్మ మీదికి ఎక్కింది, తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడ అయింది. తంగేడు చెక్కను పట్టిన చేతులు మాత్రం ఊరి బయటనే ఉండిపోయినయి.

ఓపికగ ఊరబెట్టి, కాలంతో పని చేయించి, కుళ్లిపోయే దాన్ని నిలబెట్టే విద్య అది. బోర్డోలో ఆ విద్యను నేలమాళిగలో దాచి కళ అన్నరు. ఇక్కడ ఊరవతల గుంతలో పెట్టి అంటు అన్నరు.

‘రుచి అనేది నాలుకకు సంబంధించింది, కులంతో ఏం పని’ అనేటోళ్ల కోసం రెండు సంగతులు చెప్తా. 1976లో పారిస్‌లో ఒక పోటీ పెట్టిండ్రు. ఫ్రాన్స్‌లో పేరున్న రుచి పండితులకు సీసాల పేర్లు కనపడకుండ ఫ్రెంచి వైన్లు, కాలిఫోర్నియా వైన్లు కలిపి ఇచ్చిండ్రు. రెడ్ వైన్లలో మొదటి స్థానం కాలిఫోర్నియా నుంచి వచ్చిన 1973 పంటకు దక్కింది. బోర్డో మహామహులు కిందికి పోయిండ్రు. ఇంకోటి, 2001లో వచ్చింది. బోర్డోలోనే 54 మంది వైన్ విద్యార్థులకు తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చిండ్రు. వాళ్లు దాన్ని రెడ్ వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించిండ్రు. కన్ను ఏది చెప్తే నాలుక అదే పలికింది. ఇగ సీసా మీది పేరు, పోసే చెయ్యి, కూర్చున్న చోటు ఎంత పలికిస్తయో లెక్కేసుకోండి. తిండిలో, సంగీతంలో, బట్టలో మన ఇష్టాయిష్టాలు పుట్టిన వర్గాన్ని బట్టి తయారైతయని ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త పియర్ బోర్ద్యూ 1979లో పెద్ద పుస్తకమే రాసిండు.

మనకు బోర్ద్యూ దాకా పోవాల్సిన పని కూడ లేదు. బాబాసాహెబ్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో చక్వారా ఊరి సంగతి రాసిండు. జైపూర్ సంస్థానంలో తీర్థయాత్ర చేసి వచ్చిన అంటరాని మనిషి ఒకాయన తన వాళ్లకు నెయ్యితో వండిన భోజనం పెట్టిండు. వాళ్లు తింటుండగానే సవర్ణులు కట్టెలతో వచ్చి పడ్డరు. వంటలన్నీ నాశనం చేసి, తినేటోళ్లను కొట్టి తరిమిండ్రు. నెయ్యి కొన్నది వాళ్ల పైసలతోనే. అయినా నెయ్యి రుచి చూసే అర్హత వాళ్లకు లేదన్నది ఊరి తీర్పు. మంచి వస్తువు మీ నోట్లో పడితే దాని విలువ తగ్గుతదన్న భయం అది. పాత వైన్ ధరలో ద్రాక్ష ఖర్చు ఎంత, ఈ భయానికి కట్టే ఖరీదు ఎంత అన్నది ఆలోచించాల్సిన ముచ్చట.

ఇగ మన కల్లు దగ్గరికి వద్దాం. మన దగ్గర రుచి భాష లేదా? పోతుతాటి కల్లు వేరు, పండుతాటి కల్లు వేరు, ఈతకల్లు వేరు. ఏ చెట్టుది, ఏ కాలంది, పొద్దటిదా మాపటిదా, లొట్టి కడిగిందా లేదా అన్నది ఒక్క గుక్కతో చెప్పే పెద్దమనుషులు జనగామ పల్లెల్లో ఇప్పటికీ ఉన్నరు. ఏ నేల మీది చెట్టుకు ఏ తీపి వస్తదో చెప్తరు. బోర్డో పండితుడు చెప్పేది కూడ ఇదే కదా? ఆయన మాటకు సర్టిఫికెట్ ఉన్నది, మన ముసలాయన మాటకు ‘తాగుబోతు ముచ్చట’ అనే పేరున్నది. తేడా అక్కడ.

ఇంకో తేడా కూడ ఉన్నది, అది నిల్వ. కల్లు దాచితే దాగదు. చెట్టు దిగిన గడియ నుంచే పులుస్తది, మాపటికి ఘాటెక్కుతది, తెల్లారితే పుల్లటి నీళ్లే. అందుకే అది ఏ రోజుకు ఆ రోజు కూలి చేసుకునే మనిషికి తోడుగ ఉన్నది. ముప్పై ఏండ్లు ఆగాలంటే సొంత ఇల్లు కావాలె, ఇంటికింద మాళిగ కావాలె, అమ్ముకోకుండ ఉండేంత మిగులు కావాలె, అన్నిటికంటె ముందు ముప్పై ఏండ్ల తర్వాత కూడ నేను ఇక్కడే ఉంటా అనే భరోసా కావాలె. కాగితం లేని జాగాలో రేకుల షెడ్డు వేసుకున్నోడికి వింటేజ్ ఎక్కడి నుంచి వస్తది?

కల్లును పొగిడి చేతులు దులుపుకుంటే అది కూడ అబద్ధమే. తాడెక్కి జారిపడి చచ్చిపోయే గౌడన్నల కష్టం మనకు తెలుసు. జనగామ జిల్లా ఖిలాషాపూర్‌ల కోట కట్టి, 1708లో వరంగల్ మీద దండెత్తి, 1710లో మొఘలుల చేతిలో చనిపోయిన సర్వాయి పాపన్న ఆ కులపోడే. ఆయనను తలుచుకుంటే మనకూ ఛాతీ ఉప్పొంగుతది. అదే మండువ కాడ మన తాతలు దూరంగ కూర్చున్నరు. అందరికీ గ్లాసు, మనకు పైనుంచి పోస్తే పట్టుకునే ఆకు డొప్ప. చెట్టు ఒకటే, లొట్టి ఒకటే, కల్లు ఒకటే, దూరం మాత్రం కొలిచి పెట్టిండ్రు. పాపన్న వారసులమని చెప్పుకునే దోస్తులు ఈ డొప్ప గురించి కూడ మాట్లాడాలె. బహుజన ఐక్యత డొప్పను దాటి వస్తెనే నిలుస్తది.

కొత్తగూడ, గంగారం, మహాముత్తారం, పలిమెల అడవుల్లోకి పోతే ఇప్ప ఉన్నది. ఎండాకాలం మొదట్ల తెల్లారగట్ల రాలిన పువ్వును ఏరి, ఎండబోసి, ఏడాది పొడుగునా దాచుకుంటరు. కరువులో అదే తిండి, పశువుకు మేత, దేవతకు సాక, చుట్టానికి మర్యాద. ఆదివాసీకి నేలమాళిగ లేదు కాని నిల్వ తెలుసు. పువ్వును దాస్తడు, అవసరమైనప్పుడు కాస్తడు. దాన్ని లైసెన్సు లేకుండ కాస్తే ఎక్సైజ్ చట్టం కింద నేరం. దాడికి వచ్చినోళ్లు నల్లబెల్లం, పటిక వేసి కాసిన గుడుంబానూ, దేవత ముందర పెట్టిన ఇప్పసారానూ ఒకే కుండ కింద లెక్కేసి పగలగొడ్తరు.

ఇదే ఇప్పపువ్వుకు ఇంకో కథ ఉన్నది. 1892లో బొంబాయి ప్రెసిడెన్సీలో ఇంగ్లీషోళ్లు ఇప్పపువ్వు మీద చట్టం తెచ్చిండ్రు, ఏరుకునేటోళ్లను, దాచుకునేటోళ్లను కట్టడి చేసిండ్రు. లైసెన్సున్న సారా బట్టీల ఆదాయం పోవద్దని ఆ ఏర్పాటు. అదే ముంబై నుంచి 2024లో సౌత్ సీస్ డిస్టిలరీస్ అనే కంపెనీ, ఓక్ పీపాల్లో అరవై ఏండ్లకు పైగా దాచిన ఇప్పసారాను వందకు కొంచెం పైగా సీసాల్లో నింపి బయటికి తెచ్చింది. ఒక్కో సీసా ధర లక్ష రూపాయలు దాటింది. అది చట్టబద్ధం, గౌరవం, వారసత్వం. తప్పు కంపెనీదని అంటలేను. పువ్వు అదే, పులుపు అదే. కుండలో ఉంటే కేసు, పీపాలో ఉంటే వింటేజ్. కుండకూ పీపాకూ నడుమ ఉన్నది లైసెన్సు, పెట్టుబడి, కాలం. ఈ మూడూ ఎవరి చేతిలో ఉన్నయో అడగాలె.

ఇక్కడ నా అక్కచెల్లెండ్లు ఊకోరు. "అన్నా, నువ్వు రుచి గురించి రాస్తున్నవు, మా ఇంట్ల చెంబులు, గిన్నెలు అమ్మి తాగిండ్రు" అంటరు. వాళ్ల మాట సత్యం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు లేస్తేనే 1993లో సారా బంద్ అయింది. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధాన్ని 1997లో ఎత్తేసిండ్రు. అప్పటి నుంచి సర్కారు ఖజానా మన ఆడోళ్ల పుస్తెల మీద నడుస్తున్నది. సింగరేణి జీతాల రోజు భూపాలపల్లిలో కౌంటర్ల ముందు లైన్లు చూసినోళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు.

ప్రపంచం పొగిడే వైన్ చరిత్రలో కూడ ఈ కన్నీళ్లు ఉన్నయి. దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతంలో కాన్‌స్టాన్షియా అనే వైన్ ఉన్నది. నెపోలియన్ చెరలో ఉన్నప్పుడు తెప్పించుకొని తాగింది అదే. ఆ తోటల్లో పని చేసింది బానిసలు. బానిసత్వం పోయినంక కూడ ‘డాప్’ అనే పద్ధతి నడిచింది. కూలిలో కొంత భాగం డబ్బుకు బదులు నాసిరకం వైన్ పోసేటోళ్లు. తాగుడు తరాలకు పాకింది. తల్లి కడుపులోనే మద్యంతో దెబ్బతిన్న పిల్లలు లోకంలో ఎక్కువగ నమోదైన చోట్లలో ఆ వైన్ ఊళ్లు ఉన్నయి. మేలు రకం ఓడెక్కి పోయింది, మడ్డి కూలోళ్ల గొంతులో పడ్డది. మన పత్తి చేన్లలో, వరికోతల్లో, ఎన్నికల ర్యాలీల్లో కూలితో పాటు క్వార్టర్ సీసా ఇచ్చే పద్ధతికి ఇది పెద్దన్న. బోర్డో నగరం కూడ 18వ శతాబ్దంలో బానిస వ్యాపారం చేసి బలిసిన రేవే.

‘మరి మీకు వైన్ షాపుల్లో రిజర్వేషన్ ఇచ్చినం కదా’ అని సర్కారు అంటది. ఇచ్చిండ్రు. 2021లో రాష్ట్రంలోని 2,620 దుకాణాల్లో గౌడులకు 15 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం కేటాయించిండ్రు. ఎస్సీల వాటా 262. దరఖాస్తు ఫీజు 2 లక్షలు. లాటరీలో పేరు రాకుంటే ఆ పైసలు తిరిగి రావు. 2023లో అట్ల 1 లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు వస్తే సర్కారుకు 2,600 కోట్లకు పైగా ముట్టింది. ఒక్క సీసా అమ్మకముందే! 2025లో ఆ ఫీజును 3 లక్షలకు పెంచిండ్రు. పోతే పోనీ అని 3 లక్షలు పారేయగల మాదిగ, మాల బిడ్డలు మన మూడు జిల్లాల్లో ఎంతమంది ఉన్నరు? లేనోడి పేరు మీద ఉన్నోడు పైసలు పెడితే దుకాణం ఎవరిదైతదో మీకు చెప్పాల్నా? గుమాస్తా నౌకరి మనకు, గల్లాపెట్టె వేరేవాళ్లకు. తాగేటోడిగ మనం, తాగుబోతనే పేరు మనకు, లాభం మనకు కాదు.

అందుకే నేను చెప్పేది తాగమని కాదు, మానమని ఉపదేశం కూడ కాదు. మన దగ్గర ఉన్న విద్యకు పేరు తీసేసి, మన దగ్గర లేని సరుకుకు మన గల్లీలో బోర్డు కట్టిండ్రు. ఈ రెండింటినీ కలిపి చూడాలె.

విద్యార్థి మిత్రులకు పని చెప్తా. కాకతీయ యూనివర్సిటీలో, జిల్లా డిగ్రీ కాలేజీల్లో కెమిస్ట్రీ, బాటనీ, తెలుగు చదివేటోళ్లు కలిసి మూడు జిల్లాల్లో తిరగండి. లంద పని తెలిసిన ముసలోళ్లు ఇంకా కొంతమందే మిగిలి ఉంటరు. ఎంత చెక్కకు ఎంత నీరు, ఏ కాయ ఎప్పుడు, వాసన ఎట్ల మారితే తోలు అయినట్టు, ఇవన్నీ వాళ్ల మాటల్లోనే రాసుకోండి, రికార్డు చెయ్యండి. గీత కార్మికుల రుచి మాటలను, కోయ అమ్మల ఇప్పపువ్వు నిల్వ పద్ధతులను రాయండి. అది పీహెచ్‌డీకి పనికొచ్చే జ్ఞానం.

కార్యకర్తలకు ఇంకో పని. మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని కట్టడి చేసే అధికారం షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు 1996 పెసా చట్టం ఇచ్చింది. కొత్తగూడ, గంగారం గ్రామసభల్లో ఆ అధికారాన్ని వాడమని అడగండి. బెల్టుషాపు ఉండాల్నా వద్దా అన్నది, పండుగకు ఇప్ప కాసుకోవాల్నా వద్దా అన్నది, రెండూ ఆ ఊరి ఆడోళ్లు ముందు కూర్చున్న సభలో తేలాలె. ఎస్సీ, ఎస్టీ దరఖాస్తులకు ఫీజు తీసెయ్యాలని, లేకుంటే లాటరీలో రానోళ్లకు వాపస్ ఇవ్వాలని డిమాండ్ పెట్టండి. కూలి కాడ క్వార్టర్ ఇచ్చే ఆసామి ఎవరైనా, ఆ సీసా ఖరీదును నోట్ల రూపంలో ఇవ్వమని కూలి సంఘం గట్టిగ అడగాలె.

మానుకోట తమ్ముడికి మాత్రం నేను ఆలస్యంగనైనా ఇట్ల జవాబు పంపిన: ఆ పాఠం మంచిగ నేర్చుకో, ఫస్ట్ క్లాసుల పాస్ అవ్వు. తోలు వాసన అనే మాట వచ్చినప్పుడు అది యాడికెళ్లి వస్తదో, టానిన్ ఏం చేస్తదో క్లాసుకు నువ్వే లేచి చెప్పు. ఆ ముచ్చట వాళ్ల అందరికంటె నీకే ఎక్కువ తెలుసు.

వచ్చే వారం కరక్కాయ గురించి, అది అమ్మిన మన అమ్మల గురించి.

జై భీమ్.